ఎన్ని ఐటమ్సన్నా?

ప్రోగ్రామ్ మాట్లాడుకోవడానికి ఫోన్ చేసేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఏం చేస్తారని అడగరు, ఏ భాషలో చేస్తారని అడగరు. "ఎన్ని ఐటమ్సన్నా?" పెళ్ళి భోజనాలకు ఎన్ని కూరలని వంటవాణ్ణి అడిగినట్టు. పదిహేను అంటే "అంతేనా?" అంటారు. ముప్పై అంటే బేరానికి దిగుతారు. నలభై అన్నవాడికి బయానా ఇచ్చేస్తారు. ఆ తర్వాత రెండో ప్రశ్న: "పెద్దవి ఏమేం ఉండాయి? మనిషిని కోసేది ఉండాదా?"

తడ చుట్టుపక్కల ఇరవై ఏళ్ళుగా మ్యాజిక్ చేస్తున్నాను. పగలు చేసే ఉద్యోగం వేరే, ఇది సాయంత్రాల పని. సూళ్ళూరుపేట, వరదయ్యపాళెం, సత్యవేడు, నాయుడుపేట నా సరిహద్దులు. ఒకప్పుడు బడి వార్షికోత్సవాలు, తిరునాళ్ళు ఉండేవి. శ్రీసిటీ వచ్చాక కంపెనీల యాన్యువల్ డేలు, ఆయుధపూజలు కలిశాయి. ఇన్నేళ్ళలో పిలిచేవాళ్ళు మారారు గానీ ఆ రెండు ప్రశ్నలు మారలేదు. పిలిచేవాళ్ళను అనుకుని లాభం లేదు. వాళ్ళకు ఈ పాఠం నేర్పింది మా మెజీషియన్లే. స్టేజీ అంటే భారీగా ఉండాలి, చిన్న ఐటమ్స్ పుట్టినరోజు పార్టీలకు సరిపోతాయి, ఫ్యాక్టరీ జనం, పల్లెటూరి జనం మాస్ కాబట్టి నాజూకు పని వాళ్ళకు ఎక్కదు, యూట్యూబ్ వచ్చి గుట్లన్నీ బయటపెట్టింది కాబట్టి ఏటేటా కొత్త సామాను కొనాల్సిందే: ఇదీ మా వాళ్ళలో నలిగే సిద్ధాంతం. ఇది తప్పు. తప్పుతో పోతే బాగుండేది, టికెట్టు లేకుండా వచ్చి కింద కూర్చున్న మనిషిని తెలివితక్కువవాడనుకునే పొగరు కూడా ఇందులో ఉంది. నేనూ కొన్నేళ్ళు దీన్ని నమ్మి చేతులు కాల్చుకున్నాను. అందుకే కాస్త ఘాటుగానే రాస్తున్నాను.

ముందు లెక్క తేల్చుకుందాం. గంటలో నలభై ఐటమ్స్ అంటే ఒక్కోదానికి తొంభై సెకన్లు. సామాను ఎత్తడం, దించడం, దండం పెట్టడం తీసేస్తే మిగిలేది నిమిషం. ఆ నిమిషంలో రుమాలు పావురం కావాలి, చూసేవాడు నోరెళ్ళబెట్టాలి, చప్పట్లు కొట్టాలి, తర్వాతి దానికి సిద్ధం కావాలి. పాపం, కొడతాడు కూడా. మర్నాడు టీకొట్టు దగ్గర ఆ మనిషినే అడిగి చూడండి. "బాగా చేసినాడబ్బా" అంటాడు. ఏం చేశాడురా అంటే "ఏందో... గుడ్డలు, పావురాలు" అంటాడు. నలభైలో ఒక్కటీ మిగల్లేదు.

పెద్దదనం సంగతి ఇంకా విచిత్రం. మా ఊళ్ళో సైజు చూపించి ఆశ్చర్యపరుస్తానని బయల్దేరేవాడు ముందు ఒకసారి పులికాట్ వైపు తిరిగి చూడాలి. సరస్సుకు అవతల శ్రీహరికోట ఉంది. 2023 జులై 14 మధ్యాహ్నం 2:35కు చంద్రయాన్-3ని మోసుకెళ్ళిన రాకెట్ పొడుగు 43.5 మీటర్లు, బరువు 640 టన్నులు. మేం దాన్ని మిద్దె మీంచి చూశాం. అప్పడాలు ఎండబెట్టిన చోట నిలబడి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూశాం. శబ్దం తర్వాతెప్పుడో నింపాదిగా వచ్చి కిటికీ అద్దాలు కదిలించిపోయింది. అలాంటి జనం ముందు ఆరడుగుల ప్లైవుడ్ పెట్టెకు మెరుపు కాగితం అంటించి "ఇంతవరకూ మీరు చూడని అద్భుతం" అని మైకులో అరవడానికి మనిషికి చాలా ధైర్యం కావాలి. పగలంతా శ్రీసిటీలో మెట్రో రైలు పెట్టెలు తయారుచేసి వచ్చినవాడికి సాయంత్రం చెక్కపెట్టె చూపిస్తే ఏమవుతుంది? దాని వెల్డింగ్ ఎక్కడుందా అని చూస్తాడు.

రాకెట్ దగ్గర మెజీషియన్ నేర్చుకోగలిగింది ఒకటుంది. పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి లెక్కపెట్టడం. ఈ అలవాటు మొదట కనిపించింది ప్రయోగశాలలో కాదు, సినిమాలో. జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1929లో చంద్రయాత్ర మీద తీసిన మూకీ సినిమాలో రాకెట్ లేచే ముందు హాల్లో జనం గుండె దడ పెరగాలని ఆ లెక్క పెట్టించాడు. నిజం రాకెట్లు ఆ దారి పట్టింది తర్వాతే. ఆ పది అంకెలు లేకపోతే మిద్దె మీద మాకు కనపడేది పొగే.

పన్నెండేళ్ళ కింద నేనూ ఒక పెట్టె చేయించాను. చెన్నైలో, రెండు నెలల జీతం పోసి. మనిషిని పడుకోబెట్టి రెండు ముక్కలుగా కోసే పెట్టె. దాన్ని మోయడానికి టాటా ఏస్, ఎత్తడానికి ఇద్దరు కుర్రాళ్ళు, లోపల పడుకోవడానికి ఒక అమ్మాయి. ఒక కంపెనీలో ఆయుధపూజకు పిలిచారు, పేరు మనకు అనవసరం. షెడ్డు ముందు ఆరుబయట స్టేజీ వేశారు. ఎదురుగా కుర్చీలు, రెండు పక్కలా నిలబడ్డ జనం, కాంపౌండు గోడ మీద వరసగా పిల్లలు. పెట్టె ఐటమ్ ఎదుటివాళ్ళ కోసం పుట్టింది. పక్కనుంచి, పైనుంచి చూసేవాళ్ళ కోసం కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, డబ్బు పెట్టాను గదా అని చేశాను.

రంపం చేతికి తీసుకున్నాను. ముందు వరసలో యూనిఫాం వేసుకున్న ఒకమ్మాయి, పనిమీదినుంచి నేరుగా వచ్చినట్టుంది, పక్కనున్న అమ్మాయితో అంది: "కోసేది ఎప్పుడూ ఆడపిల్లనేనా?" మెల్లిగానే అంది గానీ నాకు వినపడింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆడపిల్లలే. ఇన్నేళ్ళుగా ఆ ఐటమ్ చూస్తున్నాను, చేయాలని కలలు కన్నాను, ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు. సరిగ్గా అప్పుడే సరస్సు మీంచి గాలి లేచింది. వెనక కట్టిన నల్లగుడ్డ తెరచాపలా ఉబ్బింది. గోడ మీది పిల్లలు ఎగిరి గంతేశారు. "కాళ్ళు! కాళ్ళు కనపడతా ఉండాయి!"

ఇంకా నలభై నిమిషాలు గడపాలి. పెట్టె పక్కకు తోయించాను. సంచీలో మిగిలింది ఒక తాడు, ఆనాటి పేపరు, సమయం పూరించడానికి ఉంచుకున్న ఇత్తడి చెంబు. ఇనప బకెట్టు ఒకటి తెప్పించి స్టేజీ చివర పెట్టాను. చెంబెత్తి బకెట్లోకి వంచాను. నీళ్ళన్నీ పడ్డాయి. బోర్లించి దులిపితే రెండు చుక్కలు రాలాయి. పక్కన పెట్టేశాను. అది ఐటమని ఎవరూ అనుకోలేదు, గ్లాసు కడుక్కున్నట్టుంది. తాడు కోసి అతికించాను. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు చెంబు దగ్గరికెళ్ళి వంచాను. నీళ్ళు. కొందరు నవ్వారు, చాలామంది గమనించలేదు. పేపరు చింపాను, విప్పితే పేపరు నిండుగా ఉంది. మళ్ళీ చెంబు, మళ్ళీ నీళ్ళు. ఈసారి కుర్చీలు కిర్రుమన్నాయి, ముందుకు వంగారు. నాలుగోసారి నేను ఆ వైపు తిరగకముందే "చెంబు! చెంబు!" అని మొదలుపెట్టారు. ఊడ్చే పనిచేసే అవ్వ ఒకామె పక్కనే నిలబడి చూస్తోంది. చప్పట్లు ఆగాక గట్టిగా అంది: "నాయనా, ఆ చెంబు మా వీధిలో పెట్టిపో. ట్యాంకరొచ్చి మూడు దినాలైంది."

అంతా ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వు నేను పుట్టించింది కాదు, అక్కడే ఉంది. పులికాట్ ఒడ్డున చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. బిందెలు వరసపెట్టుకుని ట్యాంకరు కోసం చూసే వీధులున్న చోట తరగని చెంబు చూపిస్తే అది నా ఐటమ్ కాదు, వాళ్ళ కోరిక. పెట్టె ఖరీదులో వందోవంతు కూడా చేయని చెంబు నా పరువు నిలబెట్టింది. అది ఎలా పనిచేస్తుందో మాత్రం చెప్పను, ఎంత ఘాటుగా రాసినా వృత్తి వృత్తే. పెట్టె సంగతంటారా, మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

ఈ కథ చెబితే తోటి మెజీషియన్లు ఒకే పేరు ఎత్తుతారు. పి.సి. సర్కార్. ఆయన లారీల కొద్దీ సామానుతో, తెరలతో, మహారాజు తలపాగాతో, 'ఇంద్రజాల్' ప్రదర్శనతో ప్రపంచం చుట్టి రాలేదా? వచ్చాడు. 1913లో బెంగాల్లో పుట్టి, 1971 జనవరి 6న జపాన్‌లో ప్రదర్శనల మధ్యే కన్నుమూసిన ఆయన కంటే పెద్ద షో మన దేశంలో ఎవరూ చేయలేదనే అనుకుందాం. అయితే ఆ పెద్ద షోలో మాటిమాటికీ వచ్చిపోయిన ఐటమ్ ఏది? చెంబే. 'వాటర్ ఆఫ్ ఇండియా' అని దానికి పేరు పెట్టి, ఒక ఐటమ్‌కూ ఇంకో ఐటమ్‌కూ మధ్య వచ్చి వంచేవాడు. నేను ఆయుధపూజ రోజు గతిలేక చేసింది ఆయన తెలిసి చేశాడు.

ఇక ఆయన కోసిన మనిషి సంగతి. 1956 ఏప్రిల్ 9న లండన్‌లో బీబీసీ 'పనోరమా' కార్యక్రమంలో పదిహేడేళ్ళ దీప్తి దే అనే అసిస్టెంటును బల్ల మీద పడుకోబెట్టి, తిరిగే రంపంతో కోశాడు. మనిషిని కోసే ఆట అప్పటికే పాతది. సెల్బిట్ అనే ఇంగ్లీషు మెజీషియన్ లండన్‌లో 1921లోనే జనానికి చూపించాడు. ముప్పై అయిదేళ్ళలో చూడనివాడు లేడు. సర్కార్ చేసిన కొత్త పని రంపంలో లేదు. కోసిన తర్వాత అమ్మాయి చేతులు రుద్దాడు, పిలిచాడు, ఆమె లేవలేదు. ముఖం మీద గుడ్డ కప్పాడు. కార్యక్రమం నడిపే రిచర్డ్ డింబుల్బీ కెమెరా ముందుకొచ్చి సెలవు చెప్పేశాడు. తెర మూతపడింది. ఆ రాత్రి బీబీసీ ఫోన్లు ఆగకుండా మోగాయి, అమ్మాయి బతికుందా అని. సమయం అయిపోయిందని బీబీసీ సర్దిచెప్పింది. మర్నాడు పేపర్లనిండా సర్కారే. డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్లో ఆయన టికెట్లు ఊడ్చుకుపోయాయి.

చూశారా? పెద్ద సామాను పనిచేసిన చోట కూడా పనిచేసింది సామాను కాదు. ఎక్కడ ఆపాలో తెలియడం. అదే ఐటమ్‌ను నలభైలో ఒకటిగా, తొంభై సెకన్లలో చేసి, అమ్మాయిని లేపి దండం పెట్టించి ఉంటే లండన్‌లో ఎవడూ ఫోన్ ఎత్తేవాడు కాదు. సర్కార్‌ను మనవాళ్ళు తలపాగా నుంచి అనుకరించడం మొదలుపెట్టి తలపాగా దగ్గరే ఆపేశారు.

మన దగ్గర ఇంకా దగ్గరి సాక్ష్యం కావాలంటే 2025 జూన్ 30న వెళ్ళిపోయిన బి.వి. పట్టాభిరామ్ ఉన్నారు. ఆయన తర్వాతి రోజుల్లో రాసిన వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు తెలియనివాళ్ళకు కూడా ఎనభైల్లో హైదరాబాద్ వీధుల్లో కళ్ళకు గంతలు కట్టుకుని స్కూటర్ నడిపిన మనిషిగా గుర్తున్నారు. ఆ ఐటమ్‌కు కావాల్సిన సామాను లెక్కపెట్టండి: ఒక గుడ్డ, ఒక స్కూటర్. కళ్ళు మూసుకుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు, హైదరాబాద్ ట్రాఫిక్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఇక యాంకర్ విడమర్చి చెప్పాల్సింది ఏముంది?

నేను అనేది ఇదే. ఐటమ్ ఎంచుకునేటప్పుడు సామాను కొట్టు కేటలాగు చూడకూడదు, ఎదుటి మనిషి ఇల్లు చూడాలి. డ్రాగన్ బొమ్మ వేసిన ఎర్రటి గొట్టం తీసుకొచ్చి అందులోంచి రుమాళ్ళు తీస్తే ఎవరికీ ఆశ్చర్యం వేయదు. అలాంటి గొట్టం వాళ్ళు బతుకులో ఎక్కడా చూడలేదు. దానిలో ఏదో ఉంది, అందుకే అది పుట్టింది అనుకుంటారు, ఆ అనుకోవడం నిజం కూడా. పెట్టెను చూడగానే అనుమానిస్తారు. చెంబును, తాడును, ఈ ఉదయం పేపరును, పక్కవాడి జేబులోంచి అడిగి తీసుకున్న పది రూపాయల నోటును అనుమానించడానికి మనిషికి కాస్త సమయం పడుతుంది. మెజీషియన్ బతికేది ఆ కాస్త సమయంలోనే.

ఇది నేను కనిపెట్టింది కాదు. స్టేజీలు, తెరలు రాకముందు మన దగ్గర ఈ విద్య చేసినవాళ్ళకు వేరే దారి లేదు. విప్రవినోదులని ఒక శాఖ ఉండేది, బ్రాహ్మణుల సభల్లో హస్తలాఘవం చూపించడమే వాళ్ళ వృత్తి. విజయనగర కాలపు శాసనాల్లోనూ వాళ్ళ ప్రస్తావన ఉంది. పద్మశాలీల దగ్గర ఆడే సాధనాశూరులు తెలంగాణలో ఉన్నారు. వీళ్ళందరిదీ చుట్టూ జనం మూగే ఆట. వెనక నల్లగుడ్డ కట్టుకునే సదుపాయం లేదు.

అంత దూరం ఎందుకు, సంతలో గారడీవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. నా వయసు వాళ్ళంతా చూసే ఉంటారు. బుట్టలో పాము, గూటానికి కట్టిన ముంగిస. "ఇప్పుడు చూస్తారు బాబూ, పాముకీ ముంగిసకీ యుద్ధం!" అని డమరుకం వాయించేవాడు. మేం బడి ఎగ్గొట్టి నిలబడేవాళ్ళం. మధ్యలో మూడు చిప్పలు, మూడు గోళీలు, నోట్లోంచి ఇనప గుండు, గుడ్డ కప్పిన పిల్లవాడు. అంతే, నాలుగైదు ఆటలు. ముంగిస కొసన కూర్చుని గోక్కునేది. యుద్ధం? నా జన్మలో ఒక్కసారీ జరగలేదు. చిల్లర ఏరుకుని, తాయెత్తులు అమ్ముకుని వెళ్ళిపోయేవాడు. మోసమే, కాదనను. కానీ నాలుగు ఆటలతో, ఒక్క మాటతో రెండు గంటలు ఎండలో వందమందిని కదలకుండా నిలబెట్టినవాడు. అదే వందమందిని షామియానా కింద, ఫ్యాను గాలిలో, నలభై ఐటమ్స్‌తో మేం కూర్చోబెట్టలేకపోతున్నాం. భోజనాలు మొదలయ్యాయని తెలిస్తే సగం కుర్చీలు ఖాళీ.

పాత సాహిత్యంలోకి వెళితే ఇంకా మంచి గురువు దొరుకుతాడు. కొరవి గోపరాజు పదిహేనో శతాబ్దంలో రాసిన 'సింహాసన ద్వాత్రింశిక'లో ఒక ఐంద్రజాలికుడున్నాడు. వీరుడి వేషంలో విక్రమార్కుడి కొలువుకు వస్తాడు. దేవతల పక్షాన యుద్ధానికి ఆకాశానికి పోతున్నాను, వచ్చేదాకా నా భార్యను కాపాడమని రాజుకు అప్పగించి పైకెళ్ళిపోతాడు. కాసేపటికి పైనుంచి తెగిన అవయవాలు ఒక్కొక్కటే రాలతాయి. భార్య వద్దన్నా వినకుండా అగ్నిలో దూకుతుంది. సభ విలవిల్లాడుతుండగా వీరుడు నవ్వుతూ దిగొచ్చి, ఏదయ్యా నా భార్య అంటాడు. రాజు నోట మాట రాదు. ఆ కథలో ఐంద్రజాలికుడు వాడిన సామానేమిటో ఆలోచించండి. రాజు ఇచ్చిన మాట. అంతకంటే విలువైన వస్తువు ఆ సభలో లేదని తెలిసి, దాన్నే పట్టుకున్నాడు. ఎదుటివాడికి ఏది పోతే గుండె ఆగుతుందో కనుక్కుని, దానితో ఆడాడు.

అయితే ఎదుటి పక్షంలో ఒక నిజం ఉంది, దాచను. చిన్నవి వెనక వరసకు కనపడవు. ముప్పై వరసల హాల్లో పేకముక్కలతో ఆడేవాణ్ణి చూశాను, ఆరో వరస నుంచి అంతా ఫోన్లు చూసుకుంటున్నారు. రూపాయి బిళ్ళ ఐటమ్ స్టేజీ మీద చేయడం నేరం. కానీ కనపడ్డానికి పెద్దది కానక్కర్లేదు. రెండు చేతులా విప్పిన పేపరు నలభై వరసలకు కనపడుతుంది. తెల్లతాడు నల్లచొక్కా ముందు పట్టుకుంటే కనపడుతుంది. చెంబు కనపడకపోయినా వినపడుతుంది, అందుకే ఇనప బకెట్టు అడుగుతాను. ప్లాస్టిక్ బకెట్లో నీళ్ళు చప్పుడు చేయవు. మైకు బకెట్టుకు జానెడు దూరంలో పెట్టుకుంటే చివరి కుర్చీ దాకా జలజలమంటుంది. ఇలాంటివి పట్టించుకునే ఓపిక లేనివాడే లేజర్ లైట్లకు అడ్వాన్సు ఇస్తాడు.

మాట గురించీ చెప్పాలి. తడ దగ్గర తెలుగు ఎక్కడ ఆగి తమిళం ఎక్కడ మొదలవుతుందో చెక్‌పోస్టుకు తెలుసు గానీ నాలుకకు తెలియదు. ఆరంబాకం నుంచి వచ్చేవాళ్ళు తమిళం, హాస్టళ్ళలో ఉండే కుర్రాళ్ళు ఒడియా, హిందీ. ఈ సభ ముందు "లేడీస్ అండ్ జెంటిల్మెన్" అని మొదలుపెట్టేవాణ్ణి ఏమనాలి? తెలుగు ప్రాసల మీద, చమత్కారాల మీద నడిచే ఐటమ్ కూడా ఇక్కడ సగం మందికి చేరదు. మనసులో అంకె చెప్పడం లాంటివి విడమర్చి చెప్పాలి, చెప్పేసరికి అవతలివాడికి ఆవలింత. నేను మూడు ఐటమ్స్ నోరు మూసుకుని చేస్తాను. తాడు, పేపరు, చెంబు. నవ్వుకు తమిళమూ తెలుగూ లేదు.

ఇక యూట్యూబ్. "ఎవడికి తెలీదన్నా గుట్టు? ఫోన్లో కొడితే వచ్చేస్తాది" అంటారు. రెజినాల్డ్ స్కాట్ అనే ఆయన 1584లోనే ఇంగ్లండులో చిప్పలు-గోళీల ఆట మొదలు తల నరికే ఆట దాకా గుట్లు విప్పి పుస్తకం అచ్చేశాడు. నాలుగు వందల నలభై ఏళ్ళు దాటింది, చిప్పలు-గోళీలు ఇంకా ఆడుతూనే ఉన్నారు, జనం ఇంకా చూస్తూనే ఉన్నారు. మన దగ్గర జన విజ్ఞాన వేదిక వాళ్ళు నాలుక మీద కర్పూరం వెలిగించి, చేతిలో బూడిద రాల్చి, వెంటనే ఎలా చేశామో చెప్పేస్తారు. చెప్పిన తర్వాత పిల్లలు లేచిపోతారా? "ఇంకోటి చెయ్యండి సార్" అంటారు. గుట్టు తెలిస్తే ఆట చచ్చేటట్టయితే సంగీతం నేర్చుకున్నవాడు కచేరీకి పోకూడదు. ఫోన్లో గుట్టు చూసి వచ్చిన కుర్రాడు నాకు ఇబ్బంది కాడు. వాడు ఎడమ చెయ్యి వైపే చూస్తాడని నాకు తెలుసు గదా. నాకు ఇబ్బంది, ఫోన్లోంచి తలెత్తని కుర్రాడు. వాణ్ణి తలెత్తించేది పెట్టె కాదు.

పెద్దది, ఇంకా పెద్దది అనే ఈ పరుగు డబ్బుతో ఆగితే పోనీ అనుకోవచ్చు. 2019 జూన్ 16న కోల్‌కతాలో చంచల్ లాహిరి అనే మెజీషియన్, మాండ్రేక్ పేరుతో ప్రదర్శనలిచ్చేవాడు, హుడీనీ ఫక్కీలో గొలుసులతో, తాళ్ళతో కట్టించుకుని క్రేన్‌తో హుగ్లీ నదిలోకి దిగాడు. పైకి రాలేదు. మర్నాడు శవం దొరికింది. ఆయన సాహసాన్ని నేను తక్కువ చేయను, ఆ నీళ్ళలో దిగే ధైర్యం నాకు లేదు. ఒడ్డున నిలబడి ఇంకా ఏదైనా పెద్దది చూపించమని అడిగేవాళ్ళం మనమే అన్నది మాత్రం మర్చిపోను.

కాబట్టి శ్రీసిటీ హెచ్.ఆర్. వాళ్ళకు, బడి హెడ్మాస్టర్లకు, తిరునాళ్ళ కమిటీ పెద్దలకు నా మనవి. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఎన్ని ఐటమ్సని అడగొద్దు. వచ్చేవాళ్ళు ఎవరు, ఏ భాషవాళ్ళు, ఆరుబయటా హాలా, గాలి ఎటునుంచి కొడుతుంది, పక్కన ఎవరు నిలబడతారు, ఇవి మీరే నాకు చెప్పండి. భోజనాలు ప్రోగ్రామ్ అయ్యాకే పెట్టించండి. ఒక ఇనప బకెట్టు సిద్ధంగా ఉంచండి. అరగంట, ఆరు ఐటమ్స్. రేటు మాత్రం పాతదే.